పెట్టె ఇచ్చినవన్నీ

ఆ పెట్టెను కొన్నది నేనే. ఎవరూ నా చేత కొనిపించలేదు, ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు. రెండు వారాలు వెతికి, ఆరు రకాలు పోల్చి చూసి, ముచ్చటపడి కొన్నాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివేవాళ్లు మధ్యలో "యంత్రం పాడైపోయి ఉంటుందిలే" అనుకోకుండా ఉండాలని. పాడవలేదు. ఇవాళ్టికీ నిమిషం తప్పకుండా పనిచేస్తోంది, దాని మొహం మండ.

అమ్మ నా దగ్గరికి వచ్చి ఆరేళ్లయింది. నాన్న పోయిన ఏడాది తిరక్కముందే కడప నుంచి తీసుకొచ్చేశాను. మాది గోపన్‌పల్లిలో తొమ్మిదో అంతస్తు. మా ఆయన ఉద్యోగం పూణేలో, నెలకోసారి వస్తాడు. పిల్ల బాచుపల్లిలో కాలేజీ హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో మిగిలింది అమ్మా నేనూ. నేను పొద్దున్నే గచ్చిబౌలిలో ఆఫీసుకు పోతే మళ్లీ దీపాల వేళకే రావడం. మధ్యలో పది గంటలకు పనావిడ వచ్చి గంటన్నర ఉండి పోతుంది. ఈ అపార్టుమెంట్లు లేవకముందు నుంచీ గోపన్‌పల్లిలోనే ఉన్న మనిషి ఆవిడ, అమ్మకంటే పదేళ్లు చిన్న.

అమ్మకు ఇరవై ఏళ్లుగా షుగరు. ఆ తర్వాత బీపీ వచ్చింది, దాని వెనకే గుండెకు ఒక మాత్ర, థైరాయిడ్‌కు ఒక మాత్ర. తెలుగు బాగా చదువుతుంది గానీ మాత్రల అట్టల మీద ఉండేది ఇంగ్లీషు. అందుకని వాటిని రంగుతో, ఆకారంతో గుర్తుపట్టేది. పాత స్టీలు పోపుల డబ్బా ఒకటి ఉండేది ఆమెకు, లోపల ఏడు గిన్నెలు. ఆవాల గిన్నెలో బీపీ మాత్ర, జీలకర్ర గిన్నెలో షుగరు మాత్ర, మెంతుల గిన్నెలో గుండెది. పొద్దున కాఫీ పెట్టుకుని, ఆ డబ్బా ముందేసుకుని కూర్చుని, తాలింపుకు తీసినట్టే ఒక్కొక్కటి తీసుకునేది. చూసి నవ్వేదాన్ని. "ఇంగ కరివేపాకు ఒకటే తక్కువ" అంటే, "నవ్వు పాపా నవ్వు, నీకు ఈ వయసు రాదా?" అనేది. నాకు నలభై నాలుగు నిండినా ఆమెకు నేను పాపనే.

పోపుల డబ్బా లెక్క ఒకసారి తప్పింది. మందుల షాపువాడు బీపీకి వేరే కంపెనీ మాత్ర ఇచ్చాడు. పాతది తెలుపు, కొత్తది గులాబీ రంగు. డాక్టరు ఇంకో మాత్ర పెంచాడేమో అనుకుని అమ్మ రెండూ వేసుకుంది, నాలుగు రోజులు. ఐదో రోజు బాత్రూములో కళ్లు తిరిగి పడింది. నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ వారమే పెట్టె ఇంటికొచ్చింది.

గుండ్రంగా, తెల్లగా, అన్నం కుక్కరంత ఉంటుంది. లోపల తిరిగే పళ్లెం, దానికి అరలు. ఆదివారం నేను కూర్చుని వారానికి సరిపడా మాత్రలు నింపి తాళం వేస్తాను. వేళ కాగానే ఒక ఆడగొంతు "మీ మందు సమయం అయినది" అంటుంది. కింద చిన్న కప్పులో మాత్రలు పడతాయి. కప్పు తీస్తే నా ఫోన్‌లో పచ్చ టిక్కు పడుతుంది. అరగంట దాకా తియ్యకపోతే ఎర్ర గుర్తు పడి నాకు ఫోన్ మోగుతుంది. ఎంత బాగుందో చూడండి. తొమ్మిదో అంతస్తులో అమ్మ మాత్ర మింగితే గచ్చిబౌలిలో నాకు తెలుస్తుంది!

అమ్మ దానికి మొదటి రోజే పేరు పెట్టేసింది. "ఈ వయసులో నాకు ఇంకో అత్తను తెచ్చినావు కదే పాపా. నా అత్త కూడా ఇట్ల వేళకు అరవలేదు." అప్పట్నుంచి అది అత్తే. అది పిలవగానే ఏ పని చేస్తున్నా వదిలేసి, "వస్తాండా అత్తా, అరవద్దు" అంటూ కొంగుకు చెయ్యి తుడుచుకుని పోయేది. ఆయుధపూజ నాడు దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఆ పసుపు మరక ఇంకా ఉంది.

నేను పదిహేడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని. ఇతరులు చేసినదాంట్లో తప్పు వెతకడానికే నాకు జీతమిస్తారు. ఆ పచ్చ టిక్కుకు అర్థం కప్పు లేచిందని మాత్రమే, మాత్ర కడుపులో పడిందని కాదు అని ఎవరైనా కుర్రకుంక చెప్పగలడు. నాకు తట్టలేదు. లంచ్‌లో కూర్చుని అందరికీ ఫోన్ చూపించేదాన్ని. మూడు నెలలు ఒక్క ఎర్ర గుర్తు లేదు. మా టీములో ముగ్గురి ఇళ్లలో ఆ పెట్టె కొనిపించాను.

భాద్రపదంలో ఒక ఆదివారం గుండుసూది కోసం అమ్మ అలమరలో వెతుకుతుంటే పోపుల డబ్బా చేతికి తగిలింది. ఖాళీగా ఉందనుకుని మూత తీశాను. జీలకర్ర గిన్నెలో పదకొండు మాత్రలున్నాయి, అన్నీ లేత ఆకుపచ్చవి. షుగరు మాత్రలు.

"ఏందిమ్మా ఇవి?" అన్నాను.

అమ్మ తడబడలేదు. "శనివారాలవి పాపా. ఒక్కపొద్దు దినం ఆ మాత్ర నాకు పడదు. పన్నెండు దాకా ఏమీ తినను కదా, తల తిరుగుతాది, కాళ్లు వణుకుతాయి. మిగతావన్నీ వేసుకుంటాండా. అదొక్కటే పక్కన పెడతాండా. అత్తకు చెప్తే అర్థం కాదు కదా" అని నవ్వింది.

ఇరవై ఏళ్లుగా షుగరుతో కాపురం చేసిన మనిషి, ఒక్క పూటే తినే నాడు తన ఒంటికి ఏం జరుగుతుందో తనే చూసుకుని, తెలుసుకుని చెప్పిన మాట అది. నాకు మాట వినపడలేదు. నాకు వినపడింది ఒక్కటే, మూడు నెలల నా పచ్చ టిక్కుల్లో పదకొండు అబద్ధాలున్నాయని. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ముక్కు మీదే ఉంటుంది.

"నువ్వేమన్నా డాక్టరువా? మొన్న కుట్లు పడింది చాల్లేదా? ఇన్ని తంటాలు పడి పెట్టె తెచ్చింది ఇట్ల దొంగచాటుగా దాచిపెట్టుకునేదానికా?"

దొంగచాటు అన్న మాటకు ఆమె మొహం చిన్నబోయింది. "గమ్మునుండు పాపా, పక్కింటోళ్లు వింటారు" అంది. అక్కడ ఆగి ఉండాల్సింది నేను. ఆగలేదు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని నా నెత్తిన పెట్టుకున్నాను.

"పెట్టె ఏది ఇస్తే అది, ఇచ్చినవన్నీ, ఆ నిమిషానే వేసుకుంటానని నా మీద ఒట్టెయ్యి."

చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. నేను గట్టిగా పట్టుకున్నాను. "అట్ల పెట్టకూడదు పాపా. బిడ్డ మీద ఒట్టు వేపిస్తారా ఎవరన్నా?" అంది.

"వెయ్యి."

"ఒట్టు" అంది.

బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పితే ఆ బిడ్డకే కీడు అని మా అమ్మ నమ్మకం. నేను నమ్మను. ఆమె నమ్ముతుందని తెలుసు గనకే ఆ పని చేశాను. తాళం పెట్టెకు వేశాననుకున్నాను గానీ, ఆమెకు వేశాను.

ఆ తర్వాతి శనివారం చూస్తే, ఎప్పుడూ మధ్యాహ్నం పన్నెండుకు తినే ఒక్కపొద్దు అన్నం పొద్దున తొమ్మిదికే తినేసింది. ఎనిమిదిన్నరకు పెట్టె మాత్ర ఇస్తుంది కాబట్టి భోజనాన్ని దాని వెనక్కి జరుపుకుంది. "స్వామికి చెప్పుకున్నాలే. ఆయన అత్త మాదిరి కాదు, సర్దుకుంటాడు" అంది. చూశావా, దారికొచ్చింది అనుకున్నాను. ఆ శనివారాల్లో ఒక్క ఎర్ర గుర్తు పడలేదు, ఆమె ఒంటికీ ఏమీ కాలేదు.

కార్తీక సోమవారాన్ని మాత్రం ఎటూ జరపలేం. పగలంతా మాత్రలకు గుక్కెడు నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఉండి, సాయంత్రం చుక్కను చూశాకే తినాలి. ఈ ఉపవాసం ఆమె నా కోసమే పట్టింది. నాకు ఐదేళ్లప్పుడు జ్వరం తలకెక్కి, ఆశ వదులుకోమన్నారట. పిల్ల బతికితే తాను బతికున్నన్నాళ్లూ కార్తీక సోమవారాలు ఉంటానని మొక్కుకుంది. ముప్పై తొమ్మిదేళ్లలో ఒక్కటీ తప్పలేదు. అంతకుముందు ఏడాది కార్తీకంలో బాల్కనీలో నిలబడి, ఎదురుగా కడుతున్న టవరు మీది క్రేను దీపాన్ని చూసి, "ఇదేం చుక్క పాపా, ఎర్రగా ఉండాది?" అంది. కడుపు పట్టుకుని నవ్వాను. ఆ రోజు లిఫ్టులో మేడ మీదికి తీసుకెళ్లి అసలు చుక్కను చూపించాల్సొచ్చింది. అప్పటికింకా పోపుల డబ్బా కాలం. ఆ పొద్దున షుగరు మాత్ర గిన్నెలోనే ఉండిపోయిందని నాకు తెలియనే తెలియదు.

ఒట్టు పడ్డాక వచ్చిన మొదటి కార్తీక సోమవారం. నాకు గుర్తు లేదు. ఆఫీసులో ఆ వారం కొత్త వెర్షన్ రిలీజ్ ఉంది, నా బుర్రంతా అక్కడే ఉంది. ఏడున్నరకు చెప్పులేసుకుంటుంటే అమ్మ తడి జుట్టుతో వచ్చి నిలబడింది. బాల్కనీలో తులసి కుండీ దగ్గర దీపం వెలుగుతోంది. దాన్ని చూశాను కూడా.

"పాపా, ఆ పెట్టెలో..." అంది.

"పెట్టెకేం కాలేదమ్మా, నిన్ననే నింపినా. లేటైతాంది."

లిఫ్టు తలుపు మూసుకుంటుండగా, "సరేలే, జాగ్రత్తగా పో" అంది.

ఏం అడగబోయిందో నాకు తెలుసు. ఒట్టు నీదే కదా, నువ్వే ఆ ఒక్క మాత్రా తీసేసి పో అని అడగబోయింది. తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. తీసి ఇవ్వడానికి అర నిమిషం పట్టేది.

ఎనిమిది ముప్పై ఒకటికి, బస్సు గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు, ఫోన్‌లో పచ్చ టిక్కు పడింది. అమ్మ బంగారం అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను.

మిగతాది పనావిడ తర్వాత చెప్పింది. ఆవిడ పదింటికి వచ్చేసరికి అమ్మ సోఫాలో కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటోందట. "ఏంది అమ్మా, గిట్ల చెమటలు పడుతున్నయి, ఉపాసమా? షుగర్ గోలీ ఏసుకున్నవా ఏంది? మా అమ్మ ఉపాసం నాడు ముట్టది" అని అడిగిందట. వేసుకున్నానంది అమ్మ. "మరి జర చాయ్ తాగు, దేవుడేం అనుకోడు" అంటే, అమ్మ తల అడ్డంగా ఊపిందట. ఈవిడ బతిమాలిందట. నాకు ఫోన్ చేస్తానందట. "వద్దే, ఆఫీసులో పరేషాన్ అయితది అని మా మాటల్లోనే నాకు చెప్పింది మేడం, నవ్వుకుంట" అని ఏడ్చింది ఆవిడ. "మొక్కు బిడ్డ మీదనే, ఒట్టు బిడ్డ మీదనే, ఏది తప్పాలె చెప్పు అన్నది. నేనేం చెప్త మేడం? చదువురానిదాన్ని."

చదువుకున్నదాన్ని నేను ఆ టైముకు మీటింగులో ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి ఆరు యాభై అయింది. తలుపు నా తాళంతోనే తీసుకున్నాను. వంటింట్లో అన్నం, పప్పు, చారు మూతలు పెట్టి ఉన్నాయి. ఉపవాసముండి కూడా నాకు వండింది. తులసి దగ్గర కొత్త వత్తి వేసి ఉంది గానీ వెలిగించలేదు. బాల్కనీలో కుర్చీని టవర్ల మధ్య సందు వైపు తిప్పుకుని కూర్చుని ఉంది, తల ఒక పక్కకు వాలి. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. క్రేను దీపం ఒక్కటే కనపడుతోంది. అది చూశాక గానీ సోమవారం సంగతి నాకు తట్టలేదు. తట్టి కూడా, కునుకు తీస్తోందనుకుని, "ఏమ్మా, ఎర్ర చుక్క వచ్చిందిలే, లేచి తిను" అని ఎగతాళి చేశాను.

భుజం పట్టుకుంటే జాకెట్టు తడిసి ముద్దైపోయి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. గొంతులో గురక లాంటి చప్పుడు. అమ్మా అమ్మా అని కుదుపుతుంటే లోపల హాల్లోంచి ఆ గొంతు, "మీ మందు సమయం అయినది" అంది. రాత్రి మాత్రల వేళ ఏడింటికి. కప్పులో మాత్రలు పడిన చప్పుడు వినపడింది. అంబులెన్సు వచ్చేదాకా అది ఐదు నిమిషాలకోసారి పిలుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో వేలు గుచ్చి చూస్తే మీటరు మీద అంకె కూడా రాలేదు, తక్కువ అన్న మాట ఒక్కటే వచ్చింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది. "పొద్దున షుగర్ టాబ్లెట్ వేసుకున్నారాండి?" అని అడిగింది.

నేను ఫోన్ తీసి చూపించాను. ఇప్పటికీ నా చెయ్యి నరుక్కోవాలనిపించేది దానికే. గబగబా తీసి, ముందుకు చాచి, "ఎనిమిది ముప్పై ఒకటికి, కరెక్టుగా వేసుకుంది" అన్నాను. గొంతులో గొప్ప కూడా ఉందేమో, నాకు తెలియదు.

"ఆ తర్వాత ఏం తిన్నారండి?"

ఆ ప్రశ్న పెట్టె ఎప్పుడూ అడగలేదు. ఆహారానికి ముందు అని సెట్ చేసింది నేనే. వెనక ఆహారం ఉందో లేదో దానికి అక్కర్లేదు. "ఏమీ తినలేదు. కార్తీక సోమవారం" అన్నాను.

"ఆ టాబ్లెట్ వేసుకుని తినకపోతే షుగర్ ఇలాగే పడిపోతుందండి. ఉపవాసం ఉంటే ఆ రోజుకి ఆపమనే చెప్తాం. మీకు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పింది. మా అమ్మ చెప్పింది" అన్నాను.

చక్కెర నీళ్లు నరంలోకి ఎక్కించారు. మీటరులో అంకె పెరిగింది, మనిషి మాత్రం లేవలేదు. మెదడుకు చక్కెర అందకుండా చాలా గంటలు గడిచిపోయాయన్నారు. పంతొమ్మిది రోజులు ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నాను. ఆ రోజుల్లోనే ఇంకో రెండు కార్తీక సోమవారాలు వచ్చాయి. రెండు సాయంత్రాలూ కార్ల పార్కింగులో నిలబడి ఆకాశం వంక చూశాను, తిన్నానో లేదో కూడా గుర్తు లేకుండా. ఇరవయ్యో రోజు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "ఇంతేనండి. ఇంతకన్నా ఆశ పెట్టుకోకండి" అంది డాక్టరమ్మ. కనీసం ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు.

అది జరిగి ఏడాది దాటింది. అమ్మ మంచం హాల్లోనే వేయించాను. కళ్లు తెరుస్తుంది. మెత్తగా కలిపి పెడితే మింగుతుంది. మాట లేదు. నన్ను చూసినా కిటికీని చూసినా చూపు ఒక్కటే. పిల్ల ఆదివారం బాచుపల్లి నుంచి వచ్చి పక్కన కూర్చుని అమ్మమ్మా అమ్మమ్మా అని పిలిచి పిలిచి, వంటింట్లోకి పోయి ఏడ్చుకుంటుంది. పనావిడ రోజూ పాదాలు పిసుకుతూ కబుర్లు చెప్తుంది. దేనికీ ఉలుకూ పలుకూ లేదు. నేను ఉద్యోగం ఇంట్లోంచే చేసుకుంటున్నాను. మంచం పక్కనే బల్ల.

పెట్టెను పారెయ్యలేదా అని మా ఆయన అడిగాడు. పారెయ్యబోయాను. ఆసుపత్రి నుంచి తెచ్చిన రెండో రోజు వైరు పీకుతుండగానే దానికి వేళయింది. "మీ మందు సమయం అయినది" అంది. మంచం మీద అమ్మ కుడిచెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. మెల్లగా లేచి, అరచెయ్యి తెరుచుకుని, ఆ గొంతు వైపు చాచుకుంది.

ఆమె ఒంట్లో మిగిలింది అదొక్కటే. నా గొంతుకు రాదు, మనవరాలి గొంతుకు రాదు, దానికి వస్తుంది. షుగరు మాత్ర ఇప్పుడు లేదు, మిగతావి ఉన్నాయి. ఆదివారాలు కూర్చుని ఇంకా నింపుతున్నాను. ఆ చెయ్యి కదలడం చూడాలని నింపుతున్నానో, ఏం చెయ్యాలో తెలియక నింపుతున్నానో నాకే తెలియదు. ఫోన్‌లో వారం వారం అన్నీ పచ్చ టిక్కులే.

చిన్నప్పుడు అయినదానికీ కానిదానికీ నేను ఒట్టు పెడుతుంటే అమ్మ కేకలేసేది. "ఒట్టు తీసి గట్టున పెట్టు ముందు" అనేది. పెట్టినవాళ్లే తియ్యాలట, తీసినట్టు నోటితో చెప్పాలట. అప్పుడు ఒట్టు వేసినవాళ్లకు విడుదల. ఆ మాట చెప్పడానికి నాకు రెండు నెలలు అవకాశం ఉండింది. శనివారాలు తొమ్మిదింటికి అన్నం తింటుంటే చూస్తూ కూడా చెప్పలేదు.

ఇప్పుడు చెప్తున్నాను, రోజూ. స్నానం చేసి వచ్చి, ఎనిమిది దాటాక, మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ కుడిచెయ్యి తీసుకుని నా నెత్తిన పెట్టుకుంటాను. "ఒట్టు తీసి గట్టున పెట్టినా అమ్మా. ఇంగ నీకేం లేదు. నువ్వు వేసుకోకపోయినా నాకేం కాదు" అంటాను. బరువుగా, వెచ్చగా, కదలకుండా ఉంటుంది చెయ్యి. అలాగే కూర్చుంటాను. ఎనిమిదిన్నరకు పెట్టె పిలుస్తుంది. నా నెత్తి మీది చెయ్యి లేచి, దాని వైపు చాచుకుంటుంది.